పన్నెండేళ్ల పిల్లాడు, పాత రైలుదారి

అమెరికాలో, వర్జీనియాలోని మా ఆష్‌బర్న్‌లో పిల్లల్ని పెంచడమంటే సగం డ్రైవింగే. మ్యాథ్ క్లాసుకి కారు, సంగీతానికి కారు, రెండు వీధుల అవతలున్న స్నేహితుడి ఇంటికి కూడా ముందు వాళ్లమ్మకి మెసేజ్ పెట్టి, టైము ఖాయం చేసుకుని, మళ్లీ కారే. పిల్లలు వాళ్లంతట వాళ్లు వెళ్లగలిగే దారి ఏదైనా ఉందంటే అది నడిచేవాళ్లకీ సైకిళ్లకీ మాత్రమే వేసిన డబ్ల్యూ అండ్ ఓడీ ట్రెయిల్ ఒక్కటే.

పూర్తి పేరు వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్. ఒకప్పటి రైలుమార్గం, 1860లోనే లీస్‌బర్గ్ దాకా వచ్చేసింది. బ్లూ రిడ్జ్ కొండలు దాటి బొగ్గు గనులదాకా పోవాలని అసలు ప్లాను, కానీ ఆ కొండలు ఎప్పటికీ దాటలేదు. లారీలూ కార్లూ పెరిగి చివరికి 1968లో మూసేశారు. స్థలం కరెంటు కంపెనీ కొనుక్కుంది (అందుకే ఇప్పటికీ నెత్తిమీద హైటెన్షన్ తీగలు), ఆ తర్వాత పార్కుల సంస్థ చేతికొచ్చింది. 1974లో ఫాల్స్ చర్చ్ అనే ఊళ్లో చిన్న ముక్కతో మొదలైన ట్రెయిల్ 1988కల్లా పర్సెల్‌విల్ చేరింది. మొత్తం దాదాపు 45 మైళ్ల తారు బాట.

మా మామయ్యగారు గుంతకల్లు డివిజన్‌లో ట్రాక్ పనులు చూసి రిటైరైన మనిషి. ఇక్కడికొచ్చి ఈ కథ వినగానే "నిక్షేపంలాంటి లైను పీకి సైకిళ్లు తొక్కుతారా!" అని ఆ పూటంతా ముభావంగా ఉన్నారు. రెండ్రోజులకి ఆయనే మావాడికి మేష్టారయ్యారు. ఇక్కడ ఎంత దూరం తొక్కినా నిట్టెత్తు ఎందుకు రాదో చెప్పారు. రైలు నిటారు ఎత్తు ఎక్కలేదు కాబట్టి మిట్ట ఉన్నచోట తవ్వాలి, పల్లం ఉన్నచోట కట్ట పొయ్యాలి, ఆ లెక్కంతా మట్టిలో పుల్లతో గీసి మరీ చూపించారు. ఇదే దారిలో ఉన్న హెర్న్‌డన్ ఊళ్లో పాత స్టేషను దగ్గర నిలబెట్టిన ఎర్ర కబూస్ (గూడ్సుబండి చివర ఉండే గార్డు పెట్టె) కనబడితే చాలు, మోకాళ్ల నొప్పులు మర్చిపోయి కిందికి వంగి చక్రాలు చూడ్డమే.

చిక్కల్లా నడకతో. ఆయనకి ఎడమ పక్కన నడవడం అలవాటు, ఇక్కడేమో కుడి. వెనకనుంచి సైకిలువాళ్లు "ఆన్ యువర్ లెఫ్ట్" అని అరిస్తే, ఎడమకి జరగమంటున్నారు కాబోలనుకుని పాపం ఇంకా ఎడమకే జరిగేవారు, సరిగ్గా వాళ్లకి అడ్డంగా. చివరికి మావాడే చొక్కా పట్టుకుని లాగి, "తాతయ్యా, నువ్వు కుడికే ఉండు, వాళ్లే ఎడమనుంచి పోతారు" అని నేర్పించాడు.

అసలు గొడవ ఆ తర్వాత. వాడికి పన్నెండు నిండాయి, హెర్న్‌డన్ లైబ్రరీకి ఒక్కడే సైకిలు మీద వెళ్తానన్నాడు. ఏడు మైళ్ల పైచిలుకు. నేనూ మావారూ ఒక్క గొంతుతో కుదరదన్నాం. మామయ్యగారేమో "ఏమ్మా, గుంతకల్లులో వీళ్ల నాన్న పదేళ్లకే సంతకెళ్లి కూరలు తెచ్చేవాడు కదా" అన్నారు, మావారు నేలచూపులు చూశారు. అమెరికావాళ్లు పిల్లల్ని మరీ వదిలేస్తారని పార్టీల్లో తెగ చెప్పుకుంటాం గానీ, పదిహేనేళ్ల పిల్లకి కూడా ఫోన్లో లొకేషన్ పెట్టి కూర్చునేది మనమే. నాకైతే రెండు రకాల టెన్షన్: ఏదైనా అయితే ఊళ్లో వాళ్లకి ఏం చెప్పుకోవాలి, ఒంటరిగా పిల్లాణ్ణి చూసి ఇక్కడెవరైనా పోలీసులకి ఫోన్ చేస్తే ఏం చెయ్యాలి.

చివరికి రాజీ కుదిరింది. దారిలో అర మైలుకో గుర్తు ఉంటుంది కాబట్టి మధ్యలో వచ్చే స్టెర్లింగ్ ఊరు దాటాక ఏ నంబరు దగ్గరున్నాడో ఫోన్ చెయ్యాలి, రోడ్డు అడ్డమొచ్చిన ప్రతిచోటా దిగి నడిపించుకుని దాటాలి. మొదటిసారి వాడు ఫోన్ చేసేదాకా నేను అన్నం ముట్టలేదు, మామయ్యగారు మాత్రం హాయిగా తిని పడుకున్నారు.

ఇప్పుడు చిన్నది మొదలెట్టింది. అన్నయ్యకి పన్నెండుకి ఒప్పుకున్నారు కాబట్టి తనకీ పన్నెండేనట, ఆడపిల్లనని ఒక్క ఏడాది కూడా పెంచకూడదట. మావారు ఇంకా జవాబు చెప్పలేదు.