కామన్ దిగువ అంచున

బోస్టన్ వెళ్ళినవాళ్ళంతా నేలమీది ఎర్ర గీత పట్టుకుని నడుస్తారు. దాన్ని ఫ్రీడమ్ ట్రెయిల్ అంటారు, రెండున్నర మైళ్ళు. బోస్టన్ కామన్ అనే పెద్ద పార్కు దగ్గర మొదలవుతుంది. నేను ఆ గీత వదిలేసి పార్కు దిగువకి, చార్లెస్ స్ట్రీట్ వైపుకి నడిచాను.

“అటెందుకు నాన్నా? ట్రెయిల్ ఇటు కదా,” అంది మా అమ్మాయి.

1746 నాటి ఒక చట్టంలో ఆ చోటు పేరుంది. అప్పటికి మసాచుసెట్స్ బ్రిటిష్ వాళ్ళ వలస. బోస్టన్ ఊళ్ళో గుండు నింపిన తుపాకీ గానీ పిస్తోలు గానీ పేల్చకూడదని, పేలిస్తే 40 షిల్లింగుల జరిమానా అని రాశారు. కారణం కూడా మొదట్లోనే చెప్పారు: ఊళ్ళోనూ రేవులోనూ ముందూ వెనకా చూడకుండా పేల్చడం వల్ల చాలామందికి ప్రాణాలు పోయాయి, కాళ్ళూ చేతులూ పోయాయి అని. ఆ వాక్యం చదివినప్పటినుంచీ ఇక్కడికి రావాలని ఉంది.

ఎందుకంటే నేను ఉద్యోగరీత్యా ఉత్తరప్రదేశ్‌లో ఉన్న రోజుల్లో ఒక పెళ్ళి ఊరేగింపులో సరదాకి గాల్లోకి కాల్చారు. మేడమీద నిలబడి చూస్తున్న పిల్లాడి భుజానికి తగిలింది. బతికాడు. కానీ వాళ్ళమ్మ కేక నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఇలాంటి సంబరాల కాల్పులకి రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని మన ఆయుధాల చట్టంలో చేర్చింది 2019లో. అంత ఆలస్యం ఎందుకయిందని ఇప్పటికీ బాధే.

పండగ గొడవ అమెరికాలోనూ ఉండేది. కొత్త సంవత్సరం పేరుతో తాగి, తుపాకులు పట్టుకుని ఇంటింటికీ తిరిగేవాళ్ళ వల్ల జనం హడలిపోతున్నారని న్యూయార్క్‌లోనూ చట్టం చేశారు. ఫిలడెల్ఫియాలో అయితే 1721 నుంచే, గవర్నరు అనుమతి లేకుండా పేలిస్తే 5 షిల్లింగులు. అది అగ్నిప్రమాదాల చట్టంలో భాగం.

బోస్టన్ చట్టంలో నాకు బాగా నచ్చింది మినహాయింపు. గురి నేర్చుకోవాలంటే అధికారి అనుమతితో కామన్ దిగువ చివర కాల్చుకోవచ్చు. ఆ చోటే ఎందుకో అక్కడ నిలబడితే తెలిసింది. ఇప్పుడు చార్లెస్ స్ట్రీట్ అవతల పబ్లిక్ గార్డెన్ ఉంది గానీ, అప్పుడది ఆటుపోట్ల నీళ్ళు వచ్చిపోయే బురదనేల. ఇళ్ళు లేవు. అటు తిరిగి కాలిస్తే గుండు బురదలో పడుతుంది. అలా ఆలోచించే ఆ చోటు ఎంచుకుని ఉంటారని నా నమ్మకం.

అమ్మాయికి ఇదంతా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “ఆ పిల్లాడి సంగతి మాకెప్పుడూ చెప్పలేదేం నాన్నా?” అంది. రోడ్డు దాటి గార్డెన్‌లోకి వెళ్ళి, చెరువు పక్కన బెంచీమీద కూర్చుని మొదటినుంచీ చెప్పాను.