పది శాతం కోసం ఐసు పెట్టె

ఏప్రిల్ 30లోగా ఏడాది ఇంటి పన్ను ఒకేసారి కడితే 5 శాతం తగ్గుతుందని విజయనగరంలో ఇప్పుడు ఎవరిని అడిగినా చెబుతారు. వాడిన నీటిని శుద్ధి చేసి మళ్లీ వాడుకుంటే 10 శాతం తగ్గుతుందన్న సంగతి మాత్రం నాకు 2016 వేసవిలో గానీ తెలియలేదు. 2012 ఏప్రిల్ 7 నాటి 168వ నంబరు జీవోలో, అప్పటి భవన నిర్మాణ నియమాల మధ్య, ఆ మాట ఉంది. శుద్ధితో పాటు వాన నీటి సేకరణ కూడా ఉండాలి. ఏదో ఒకటి ఉంటే చాలదు.

మా అపార్ట్‌మెంటులో రెండూ ఉన్నాయి. 24 ఫ్లాట్ల స్నానాల నీరు వెనక ట్యాంకుల్లో శుద్ధయి మరుగుదొడ్లకు, మొక్కలకు వెళ్తుంది. సంఘం కార్యదర్శిని నేనే (ఆ ఏడాది ఇంకెవరూ ఒప్పుకోలేదు) కాబట్టి అర్జీ పని నా మీద పడింది.

మున్సిపల్ ఆఫీసు గుమాస్తా జీవో ప్రతిని ఓపిగ్గా చదివి, "నీరు శుద్ధి అవుతోందనడానికి రుజువేది మాస్టారూ?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే.

శుద్ధయిన నీటిని మంచినీళ్ల సీసాలో పట్టుకుని విశాఖలోని ఒక ప్రయోగశాలకు వెళ్లాను. వాళ్లు సీసా మూత కూడా తీయలేదు. నీటిలో మిగిలిన మురికిని తినడానికి సూక్ష్మజీవులకు ఎంత ప్రాణవాయువు కావాలో కొలవడమే బీఓడీ పరీక్ష. ఎండలో బస్సెక్కి వచ్చిన సీసాలో అవి దారి పొడవునా తింటూనే ఉంటాయి, ఇక కొలిచేదేముంది?

రెండోసారి చేపలమ్మే ఆవిడను బతిమాలి థర్మోకోల్ పెట్టె, ఐసు తెచ్చుకున్నాను. ఎంత కడిగినా పెట్టె వాసన పోలేదు. ఆనందపురం దాటాక కండక్టరు ఆగి, "ఏం చేపలండీ?" అన్నాడు. మా స్నానాల నీళ్లని చెప్పాను. ఆ తరువాత విశాఖ దాకా నా సీటు వైపు రాలేదు.

నమూనాను 27 డిగ్రీల వద్ద మూడు రోజులు ఉంచి గానీ ఫలితం చెప్పరు. లీటరుకు 18 మిల్లీగ్రాములు వచ్చింది. కాలువలోకి వదిలే నీటికే 30 దాకా అనుమతి ఉంది కాబట్టి ఊపిరి పీల్చుకున్నాను.

తొందరపడ్డాను. శుద్ధి ట్యాంకు అందరిదీ, పన్ను ఎవరిది వారిదే. 24 అసెస్‌మెంట్ నంబర్లు, 24 అర్జీలు, 24 సంతకాలు. ముగ్గురు యజమానులు బెంగళూరులో ఉంటారు. కాగితాలు కొరియర్లో వెళ్లి రావడానికే నెల పట్టింది.

తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ శుద్ధయిన నీటిని దోసిట్లో పట్టి వాసన చూసి తలాడించారు. తరువాత ఇంకుడు గుంత చూపించమన్నారు. ఆ ఏడాది రాష్ట్రమంతా ఇంకుడు గుంతల మాటే. మా గుంతలో మాత్రం కొబ్బరి డొక్కలు, ఎండుటాకులు, పిల్లల బంతి ఒకటి. తప్పు పూర్తిగా మాదే. రెండు రోజులు తవ్వించి, కొత్త కంకర పోయించి మళ్లీ పిలిచాం.

తరువాతి అర్ధ సంవత్సరం నుంచి తగ్గింపు వచ్చింది. నా పన్ను 2,140 రూపాయల్లో 214 తగ్గాయి. రెండు ఫ్లాట్లకు మాత్రం పాత బకాయిలు తీరాకే అన్నారు. ఒకాయన ఆ సాయంత్రమే కట్టేశారు. రెండో ఆయన, తన బకాయి సంగతి నలుగురికీ తెలిసేలా చేశానని, ఇప్పటికీ నాతో మాట్లాడరు.