ఆదివారం, ఒక ఎడారి మ్యాప్, మేనకోడలి ప్రశ్న

ఈ రోజు ఉదయం టిఫిను ముగిసేసరికి మా మేనకోడలు వచ్చింది. చరిత్రలో ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతోంది. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం గురించి కళాశాలలో ఒక పత్రం సమర్పించవలసి ఉంది కనుక, నా దగ్గరున్న పుస్తకాలు చూసుకోవడానికి వచ్చింది. పుస్తకాల అలమర తెరిచేలోపే బల్ల మీద తెరిచి ఉన్న నా లాప్‌టాప్ ఆమె కంటబడింది. రాత్రి సగంలో ఆపిన ఆట అందులో అలాగే ఉంది. జాన్ టిల్లర్ అనే రూపకర్త చేసిన పాంజర్ క్యాంపెయిన్స్ వరుసలోని ఎల్ అలమైన్ '42 అది; 1942లో ఈజిప్టు ఎడారిలో జరిగిన పోరు మీద చేసిన వార్‌గేమ్, అంటే యుద్ధపు ఆట.

వార్‌గేమ్ అంటే తుపాకుల మోత, మంటలు, కేకలు ఉంటాయనుకునే వాళ్లకు ఈ ఆట నిరాశ కలిగిస్తుంది. తెర నిండా ఇసుక రంగు, దాని మీద తేనెపట్టులా ఆరు భుజాల గడులు, ఆ గడుల్లో చిన్న చిన్న బిళ్లలు మాత్రమే కనిపిస్తాయి. ఒక్కో గడి ఒక కిలోమీటరు నేల. పగటి వేళ ఒక్కో ఎత్తు రెండు గంటల కాలం. బిళ్ల మీద నొక్కితే ఆ దళంలో ఎంతమంది మిగిలారు, వాళ్ల పోరాట పటిమ ఏ స్థాయిది, ఎంత అలసిపోయి ఉన్నారు అన్న వివరాలు పక్కన వస్తాయి. మేనకోడలు కుర్చీ లాక్కుని కూర్చుని, రువైసాత్ గట్టు మీదున్న 4వ భారత డివిజన్ బిళ్లలను ఒక్కొక్కటిగా నొక్కి చూసింది. తర్వాత ఆ గట్టు పడమటి కొసన ఉన్న పల్లం మీద వేలు పెట్టి, "ఇదే కదా మావయ్యా డెయిర్ ఎల్ షెయిన్?" అని అడిగింది.

అదే. 1942 జూలై 1న జర్మన్ సేనాని రొమ్మెల్ సేనలు అలెగ్జాండ్రియా వైపు దూసుకొస్తున్నప్పుడు, ఇరాక్ నుంచి హడావుడిగా రప్పించిన 18వ భారత పదాతి బ్రిగేడ్ ఆ పల్లంలో నిలిచింది. నేలంతా రాయి కావడం వల్ల కందకాలు సరిగా తవ్వలేకపోయారు, మందుపాతరలు పూర్తిగా పాతలేకపోయారు. అయినా సాయంత్రం దాకా జర్మన్ ట్యాంకులను ఆపి, చీకటిపడే వేళకు బ్రిగేడ్ చితికిపోయింది. వాళ్లు సంపాదించిపెట్టిన ఆ ఒక్క రోజు వ్యవధి వెనకనున్న బ్రిటిష్ ఎనిమిదో సైన్యానికి ఎంతో విలువైనది అయింది. మేనకోడలు ఈ సంగతి పుస్తకంలో చదివింది. కానీ ఆ పల్లం ఎంత చిన్నదో, చుట్టూ ఉన్న ఎడారి ఎంత బోసిగా ఉందో ఆమెకు గడులు లెక్కపెట్టినప్పుడే తెలిసింది. "పుస్తకంలో ఇది రెండు పేరాలు మావయ్యా" అని చెప్పి కాసేపు మాట్లాడకుండా ఊరుకుంది. 4వ డివిజన్‌తో పాటు మద్రాస్ శాపర్స్ అనే ఇంజనీరింగ్ దళం వారి 12వ ఫీల్డ్ కంపెనీ కూడా ఉండేదని, మద్రాస్ శాపర్స్ దళాల్లో మన తెలుగువాళ్లు పనిచేశారని నేను చెప్పాను. ఆమె వెంటనే నోట్సులో రాసుకుంది.

ఆ తర్వాత ఆమె అడిగిన ప్రశ్నే రోజంతా నన్ను వదలలేదు. "ఇంత శ్రద్ధగా చేసిన ఆట మా క్లాసులో ఒక్కరికీ తెలియదు. వీళ్లు ఎందుకు నలుగురికీ చెప్పుకోరు?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఈ ఆటల చరిత్ర నాకు తెలిసినదే. టిల్లర్ గణితశాస్త్రంలో డాక్టరేట్ పొందిన మనిషి. 1995లో టాలన్‌సాఫ్ట్ సంస్థ కోసం బ్యాటిల్‌గ్రౌండ్ వరుసతో మొదలుపెట్టి, 1999లో స్మోలెన్స్క్ '41తో పాంజర్ క్యాంపెయిన్స్ వరుసకు శ్రీకారం చుట్టాడు. ఆ ఆటలు ఏళ్ల తరబడి పెద్ద దుకాణాల్లో కనిపించకుండా, ప్రచురణకర్త సొంత సైటు నుంచే, తెలిసినవాళ్లు తెలిసినవాళ్లకు చెప్పుకోవడం ద్వారా అమ్ముడయ్యాయి. నాకు కూడా పన్నెండేళ్ల కిందట ఒక సహోద్యోగి భోజన విరామంలో ప్రస్తావించబట్టే తెలిసింది. ఆ రోజు అతను సెలవు పెట్టి ఉంటే నా ఆదివారాలన్నీ వేరేగా ఉండేవి. ఇంత విలువైన పని ఒక మనిషి సెలవు పెట్టడం, పెట్టకపోవడం మీద ఆధారపడి ఉండడం నాకు ఎప్పుడూ బాధగానే అనిపిస్తుంది.

మధ్యాహ్నం మిత్రుడు ఫోన్ చేసినప్పుడు ఈ ప్రశ్న అతని ముందు పెట్టాను. అతను మొబైల్ ఆటలు తయారుచేసే ఒక సంస్థలో ప్రచార విభాగం చూస్తాడు. అతని జవాబు క్షణంలో వచ్చింది. "ఇందులో ఆలోచించడానికి ఏముందిరా? స్టీమ్‌లో పెట్టాలి, మంచి ట్రైలర్ చేయించాలి, ధర సగానికి తగ్గించాలి. వంద మందికి అమ్మి పండగ చేసుకునే కంపెనీ ఎన్నాళ్లు నిలబడుతుంది?" అన్నాడు. స్టీమ్ అంటే కంప్యూటర్ ఆటలు అమ్మే పెద్ద ఆన్‌లైన్ దుకాణం. అతని అనుభవాన్ని నేను తక్కువ చేయను. కానీ ఇద్దరు ముగ్గురు మనుషులతో నడిచే చరిత్ర ఆటల సంస్థకు ఆ సలహా యథాతథంగా పనికివస్తుందని నాకు నమ్మకం కుదరలేదు. ఫోన్ పెట్టేశాక కాగితం తీసుకుని లెక్క వేశాను.

స్టీమ్‌లో ఒక ఆటను చేర్చడానికి రుసుము 100 డాలర్లే; అది అడ్డంకి కాదు. అసలు భారం ఆదాయంలో 30 శాతం వాటా. 40 డాలర్ల ఆటలో 12 డాలర్లు అక్కడే పోతాయి. సగం ధరకు అమ్మితే చేతికి వచ్చేది 14 డాలర్లు. అంటే సొంత సైటులో ఒకరికి అమ్మితే వచ్చే డబ్బు కోసం అక్కడ దాదాపు ముగ్గురికి అమ్మాలి. ఆ ముగ్గురికీ మాన్యువల్ అర్థం కానప్పుడు వచ్చే ఉత్తరాలకు జవాబు రాయవలసింది, రాత్రిపూట మ్యాప్ గీసుకునే అదే మనిషి. దీనికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది రీఫండ్ నియమం. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలు మించి ఆడకుండా అడిగితే అక్కడ డబ్బు తిరిగి ఇచ్చేస్తారు. కొనేవాళ్ల పక్షాన చూస్తే అది న్యాయమైన ఏర్పాటు. అయితే నేను ఈ ఎల్ అలమైన్ ఆటను మొదటిసారి తెరిచినప్పుడు రెండు గంటలు గడిచేసరికి ఫిరంగి దళాన్ని ఎలా కదపాలో కూడా నాకు సరిగా తెలియలేదు. ట్రైలర్ చూసి వచ్చిన కుర్రవాడు ఆ రెండు గంటల్లో విసిగి వెనక్కి ఇచ్చేస్తే తప్పు అతనిది కాదు, ఆటది కూడా కాదు. అతన్ని అక్కడికి పిలిచిన పిలుపుది. పోతూ పోతూ అతను రాసే నాలుగు పరుషమైన మాటలు మాత్రం ఆ ఆట పేరు కింద ఏళ్ల తరబడి నిలిచిపోతాయి.

ప్రచారం చూసి కొని విసిగిపోయిన అనుభవం నాకూ ఉంది. రెండేళ్ల కిందట, ఎక్కడ చూసినా ప్రకటనలే కనిపించిన ఒక యుద్ధపు ఆటను ముచ్చటపడి కొన్నాను. సంస్థ పేరు ఇక్కడ రాయను. అందులో యుద్ధాల పేర్లు చరిత్రవే గానీ, నదికి ఎటు గట్టు ఎత్తుగా ఉందో, సరఫరా ఏ దారిన వచ్చిందో పట్టించుకున్న చెయ్యి ఎక్కడా కనబడలేదు. మొదట్లో లోతుగానే ఉన్న ఆటను ఎక్కువ మందికి నచ్చాలని ఏటేటా పలచన చేస్తూ వచ్చారని తర్వాత తెలిసింది. పాతవాళ్లు వదిలేశారు, కొత్తవాళ్లు నెల తిరక్కుండా వేరే ఆటకు పోయారు. ప్రచారం అనే మాట వినగానే నా మనసు వెనక్కి తగ్గడానికి ఆ చేదు కూడా ఒక కారణమేనని ఒప్పుకోవాలి.

అయినా మిత్రుడి ప్రశ్నను కొట్టిపారేయలేను. 2021లో టిల్లర్ కన్నుమూశాడన్న వార్త చదివిన రోజు నాకు బాగా గుర్తుంది. పాతికేళ్ల పని ఒక మనిషితో ఆగిపోతుందేమోనని ఆ రోజు నిజంగా భయపడ్డాను. అతనితో కలిసి పనిచేసిన వాళ్లు వార్‌గేమ్ డిజైన్ స్టూడియో పేరుతో ఆ వరుసలన్నిటినీ అందిపుచ్చుకుని, పాత మ్యాపులకు కొత్త రంగులు అద్ది, ఉచిత డెమోలు కూడా పెట్టబట్టి ఆ భయం తీరింది. అందిపుచ్చుకునే చేతులు ఉండాలంటే ముందు ఆ ఆట కొత్తవాళ్లకు తెలియాలి కదా. కంబాట్ మిషన్ ఆటలను 2000 సంవత్సరం నుంచి తమ సొంత సైటులో అమ్ముతూ వచ్చిన బ్యాటిల్‌ఫ్రంట్ వారు కూడా 2020లో ఆ వరుసలోని షాక్ ఫోర్స్ 2ను స్లిథరిన్ సంస్థ ద్వారా స్టీమ్‌కు తెచ్చారు. క్రొయేషియాలో ఒక చిన్న బృందం 2011లో చేసిన యూనిటీ ఆఫ్ కమాండ్ మరో దారి చూపింది. స్టాలిన్‌గ్రాడ్ దండయాత్ర మొత్తాన్ని వాళ్లు సరఫరా అనే ఒక్క సూత్రం చుట్టూ అల్లారు. రైలు మార్గం తెగితే సైన్యం ఎండిపోతుందన్న సత్యం పది నిమిషాల్లో ఎవరికైనా బోధపడుతుంది, అయినా చరిత్ర ఎక్కడా పలచబడలేదు. తేలికగా ఉండడమూ తేలికైపోవడమూ వేరువేరని ఆ ఆట నాకు నేర్పింది.

సాయంత్రం టీ తాగుతూ ఆలోచిస్తుంటే, ఈ ప్రశ్నకు జవాబు యాభై ఏళ్ల వెనకే ఉందని తోచింది. అమెరికాలో స్ట్రాటజీ అండ్ టాక్టిక్స్ అనే పత్రికను 1969లో జిమ్ డన్నిగన్ తన చేతిలోకి తీసుకున్నాక, ప్రతి సంచికలో ఒక చరిత్ర వ్యాసం, దాని పక్కనే ఆ యుద్ధం మీద ఒక పూర్తి ఆట ఇవ్వడం మొదలుపెట్టాడు. వ్యాసం చదివినవాడు అట్ట బిళ్లలు విడదీసి, మ్యాప్ పరిచి, ఆ సేనాని స్థానంలో తాను కూర్చునేవాడు. తర్వాత ఏ యుద్ధం మీద ఆట కావాలో పాఠకులనే అడిగి తెలుసుకునేవారు. ఆ పత్రికను నడిపిన సంస్థ 1982లో అప్పుల్లో మునిగి చేతులు మారింది నిజమే. అయినా అన్నేళ్లు అంతమందికి ఆ ఆటలు చేరాయంటే, అవి ముందు చరిత్ర చదివేవాళ్ల గుమ్మం తట్టడమే కారణమని నా నమ్మకం. అదే పద్ధతి కొద్ది మార్పుతో, బోర్డు ఆటలు ప్రచురించే జీఎంటీ వారిలో కనిపిస్తుంది. కొత్త ఆట పేరు ప్రకటించి, ముందస్తు ఆర్డర్లు 500 చేరాక అచ్చుకు పంపే ఏర్పాటు వాళ్లది. భారత స్వాతంత్ర్యోద్యమం మీద గాంధీ పేరుతో 2019లో వాళ్లు ఒక ఆట తెచ్చారు. తుపాకి పట్టని ఉద్యమాన్ని బోర్డు మీదికి తెచ్చిన ఆ ఆట గురించి మేనకోడలికి చెప్పగానే ఆమె కళ్లు పెద్దవి చేసింది.

అందుకని నాకు తోచినది ఇది. చిన్న చరిత్ర ఆటల సంస్థ తప్పకుండా ఇంకా విస్తృతంగా ప్రచారం చేసుకోవాలి, కానీ ఆటలు ఆడేవాళ్లందరి వైపు కాదు, చరిత్ర చదివేవాళ్లందరి వైపు. వాళ్లు ఎంతమంది ఉంటారో ఆ సంస్థలు సరిగా అంచనా వేసినట్లు నాకు అనిపించదు. మా మేనకోడలి క్లాసులో వార్‌గేమ్ అన్న మాట తెలిసినవాళ్లు లేకపోవచ్చు, కానీ డెయిర్ ఎల్ షెయిన్ గురించి చదివినవాళ్లు ఉన్నారు. వాళ్లకు ట్రైలర్ అక్కర్లేదు. దళాల జాబితాలు ఏ ఆధారాల నుంచి తీసుకున్నారో చెప్పే వ్యాసం, ఒక గంటలో ముగిసే చిన్న ఘట్టం, తెలియని మాటలకు అర్థాలు చెప్పే పది పేజీల పుస్తకం చాలు. దీనికి డబ్బు కంటే ఓపిక ఎక్కువ కావాలి. ఇలాంటి ఆటలు చేసేవాళ్ల దగ్గర ఓపికకు కొరత ఉండదు. స్టీమ్‌లో పెట్టవద్దని కూడా నేను అనను. ముందు వీళ్లకు దారి వేసి, ఆ తర్వాత అక్కడ దుకాణం తెరిస్తే, వచ్చేవాళ్లలో ఏం కొంటున్నారో తెలిసినవాళ్లు కొందరైనా ఉంటారు.

మన నేల మీద జరిగిన యుద్ధాల సంగతి తలుచుకుంటే ఈ కోరిక ఇంకా బలపడుతుంది. 1758 డిసెంబరులో పిఠాపురానికి దగ్గరలోని చందుర్తి వద్ద ఇంగ్లీషు కంపెనీ కర్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనంద గజపతిరాజు సేనలు ఒకవైపు, కాన్ఫ్లాన్స్ నాయకత్వంలోని ఫ్రెంచివాళ్లు ఒకవైపు మోహరించారు. ఉత్తర సర్కారులు ఎవరివన్న విషయం ఆ పొలాల్లోనే తేలడం మొదలైంది. 1757 జనవరిలో బొబ్బిలి కోట గోడల దగ్గర జరిగినది ప్రతి తెలుగువాడికీ కథగా తెలుసు, కానీ బుస్సీ ఫిరంగులు ఏ వైపు నుంచి ఎంత దూరాన నిలిచాయో ఒక మ్యాప్ మీద పెట్టి చూసుకునే అవకాశం మనకు రాలేదు. ఎక్కడో అమెరికాలోనో ఐరోపాలోనో ఉన్న ఒక చిన్న బృందానికి ఇక్కడ కొనేవాళ్లు ఉన్నారని తెలిస్తేనే కదా అలాంటి ఆట గురించి ఆలోచిస్తుంది. వాళ్లు మన దాకా రాకపోతే మనమూ వాళ్లకు కనిపించం.

రాత్రి భోజనం కాకముందే వార్‌గేమ్ డిజైన్ స్టూడియోకు ఒక ఉత్తరం రాశాను. ఇంగ్లీషులో రాయడానికి రెండు గంటలు పట్టింది. మేనకోడలు అడిగిన ప్రశ్నను ఆమె మాటల్లోనే పెట్టి, విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలకు తమ ఉచిత డెమోల గురించి తెలియజేయమని కోరాను. ఎల్ అలమైన్ ఆటలో భారత దళాల మీద ఒక వ్యాసం వాళ్లు రాస్తే దాన్ని తెలుగులోకి నేనే తెస్తానని కూడా చివర్లో చేర్చాను. పంపేముందు రెండుసార్లు చదువుకున్నాను.

మేనకోడలు నాలుగు పుస్తకాలతో ఆరున్నర బస్సుకు వెళ్లిపోయింది. వెళ్లేముందు, మియస్ నది దగ్గర జర్మన్లకూ రష్యన్లకూ జరిగిన పోరు మీద ఉచితంగా దొరికే మియస్ '43 డెమోను తన లాప్‌టాప్‌లో ఎక్కించుకుంది. ఇప్పుడు పదిన్నర అవుతుండగా ఆమె నుంచి ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. పాత అట్లాసు పేజీలో అజోవ్ సముద్రానికి పైన ఒక సన్నటి నీలి గీత చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, కింద ఇలా రాసింది: "నది దొరికింది మావయ్యా. జర్మన్లు ఉన్న పడమటి గట్టే ఎత్తుగా ఉంది. రష్యన్లు ఎక్కడ దాటారో రేపు చెప్తారా?"