నడుం నొప్పి అని వచ్చిన కేసు మెడ దగ్గర తేలింది: తోటివాళ్లను అడిగిన నా అనుభవం

నల్లగొండలో ఫిజియోథెరపీ చేసేవాళ్లకు ఒక మాట తొందరగా నోటికొస్తుంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు నుంచి నడుం పట్టేసిందని ఎవరొచ్చినా "ఫ్లోరైడ్" అంటాం, అంటే బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు అని. చాలాసార్లు అది నిజమే. కానీ ఆ మాట అన్నాక ఇంక చేసేదేం లేదన్నట్టు ఊరుకోవడం మాత్రం నాకు నచ్చదు. ఈ కేసు రాయడానికి కారణం అదే. పేషెంటు, ఆయన కొడుకు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆనవాళ్లు తీసేశాను.

ఆయన మర్రిగూడ వైపు రైతు, అరవైకి దగ్గర. నడుం వంగదు, మెడ తిరగదు. అవి ఎప్పటినుంచో ఉన్నవే. కొత్తగా వచ్చింది నడక. "నడుస్తుంటె కాళ్లు బిగుసుకపోతున్నయి మేడం, చెప్పు జారిపోయినా తెలుస్తలేదు" అన్నాడు. అప్పటికే వేరే చోట చూపించుకున్నారు. నడుముకు ఎంఆర్‌ఐ తీయిస్తే నడుం కింది భాగంలో ఎల్4, ఎల్5 పూసల దగ్గర నరాల దారి ఇరుకైందని రిపోర్టు వచ్చింది. ఇంజెక్షన్లు, బెల్టు, ట్రాక్షన్ అన్నీ అయ్యాయి. తగ్గలేదు.

ఇంకో కోరిక కూడా ఉంది ఆయనకు. "మా పిలగాడు ఫోన్ల చూపెట్టిండు. మెడ పట్టి ఒక్క తిప్పు తిప్పితె టక్కుమంటది, నొప్పి పోతదట. నాక్కూడ గట్ల చెయ్యరాదు?" ఆ కైరోప్రాక్టిక్ వీడియోలు ఇప్పుడు ఊరూరా చూస్తున్నారు. వాటిలో కనిపించనిది ఆ తిప్పుకు ముందు చేయాల్సిన పరీక్ష. మాన్యువల్ థెరపీ, అంటే చేతులతో కీళ్లు కదిలించే వైద్యం నేర్చుకున్న నాకు దాని విలువ తెలుసు, ఎవరికి చేయకూడదో కూడా తెలుసు. అందుకే ముందు బల్ల మీద పడుకోబెట్టి చూశాను.

మోకాలి మీద సుత్తితో కొడితే కాలు ఎగిరి పడింది. పాదాన్ని పైకి నెడితే చీలమండ ఆగకుండా కొట్టుకుంది. అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేచింది. ఇక్కడే లెక్క తప్పింది. వెన్నుపాము నడుం మొదట్లోనే, ఎల్1, ఎల్2 మధ్య ముగుస్తుంది. దాని కింద ఉండేవి నరాల వేర్లే. అక్కడ నొక్కుడు పడితే రిఫ్లెక్సులు, అంటే సుత్తి దెబ్బకు కాలు దానంతట అదే ఎగరడంలాంటివి, తగ్గాలి, పెరగకూడదు. అంటే రిపోర్టులో ఉన్న జబ్బు నిజమే కావచ్చు, కానీ ఆయన నడకను పాడుచేస్తున్నది అది కాదు. అంతకంటే పైన ఎక్కడో వెన్నుపాము నలుగుతోంది. ఎక్కడ, ఎందుకు? మెడలో ఆయనకు నొప్పే లేదు.

మెడ మీద చేయి వేయనని ఆయనకు ఆ రోజే చెప్పేశాను. ఎక్కడా తిప్పించుకోవద్దని కొడుకుకూ గట్టిగా చెప్పాను. పరీక్ష వివరాలు, ఎక్స్‌రేలు తోటివాళ్లకు పంపడానికి ఇద్దరి అనుమతి తీసుకుని, ఫిల్ముల మీద పేరు, ఐడీ నంబరు కనపడకుండా చేశాను.

అడగడంలోనే సగం పని ఉంటుంది. "నడుం నొప్పి తగ్గట్లేదు, ఏం చేద్దాం" అని అడిగితే ప్రతివాళ్లూ తమకు వచ్చిన టెక్నిక్ చెప్తారు. కాబట్టి వయసు, పని, ఊరు, తాగిన నీళ్లు, ఏది ఎప్పుడు మొదలైంది, ఏ రిఫ్లెక్స్ ఎలా ఉంది, ఇప్పటిదాకా ఏం చేశారు, అన్నీ రాశాను. చివర్లో నా ప్రశ్న ఒక్కటే: "రిఫ్లెక్సులకూ ఎంఆర్‌ఐకీ పొంతన కుదరడం లేదు. నొక్కుడు ఏ లెవెల్లో ఉండొచ్చు?"

మొదట ఫోన్ చేసింది నాతో చదివి, తర్వాత అమెరికాలో కైరోప్రాక్టిక్ చేసి టెక్సాస్‌లో ప్రాక్టీసు పెట్టుకున్న స్నేహితురాలు. "నువ్వు రాసింది చదివాక నేనైతే ఆ మెడ ముట్టుకోనే" అని మొదలుపెట్టి, "చేతులు ఎలా ఉన్నాయి? గుండీలు పెట్టుకుంటున్నాడా?" అంది. ఎక్స్‌రేలో పూసలన్నీ అతుక్కున్నట్టు ఉండటం చూసి ఆమెకు రెండు జబ్బులు గుర్తొచ్చాయి. ఒకటి డిష్, అంటే వెన్నులో అదనంగా ఎముక పెరిగి పూసలు అతుక్కునే జబ్బు, పెద్దవయసులో, షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపించేది. రెండోది యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, వెన్ను కీళ్లలో వాపు వచ్చి బిగుసుకుపోయే జబ్బు. రెండో దాంట్లో తుంటి వెనక శాక్రోఇలియాక్ కీళ్లు అతుక్కుపోతాయి, మామూలుగా చిన్నవయసులోనే మొదలవుతుంది. ఫ్లోరోసిస్ ఆమె పుస్తకంలో చదివిందే తప్ప పేషెంటులో చూడలేదు.

మహబూబ్‌నగర్‌లో ఉండే జూనియర్ దాన్నే ముందు పట్టుకున్నాడు. "అక్కా, ముంజేతి ఎక్స్‌రే తీయించు. రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి ముళ్లలాగా కనిపిస్తే ఫ్లోరోసిసే. డిష్‌లో ఎముక మొత్తం ఇంత తెల్లగా రాదు" అన్నాడు.

నేను సలహా అడిగే సీనియర్ ఆర్థోపెడిక్ సార్ రెండు మాటలే చెప్పారు. మెడతో సరిపెట్టకుండా వెన్ను మొత్తానికి ఎంఆర్‌ఐ చేయించమన్నారు, ఫ్లోరోసిస్‌లో నొక్కుడు ఒకచోటే ఉంటుందని లేదు కాబట్టి. మూత్రంలో ఫ్లోరైడ్‌తో పాటు, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ కూడా చూడమన్నారు. ఒంట్లోంచి ఫ్లోరైడ్ బయటికి పోయేది ఎక్కువగా కిడ్నీల ద్వారానే.

ఆయన్ని మళ్లీ పిలిపించాను. పిడికిలి మూసి తెరవమంటే 10 సెకన్లలో మామూలు మనిషి 20 సార్లకు తగ్గకుండా చేస్తాడు. ఆయన దాంట్లో సగం కూడా చేయలేకపోయాడు. మధ్యవేలి గోరు చివర మీటితే బొటనవేలు లోపలికి ముడుచుకుంది. గుండీల సంగతి అడిగితే కోడలు జవాబిచ్చింది: "నేనే పెడుతున్న మేడం, ముసలితనం అనుకున్నం." కాళ్లతో పాటు చేతులూ దెబ్బతిన్నాయంటే నొక్కుడు మెడలో ఉన్నట్టే.

ముంజేతి ఎక్స్‌రేలో జూనియర్ చెప్పిందే కనిపించింది. ఎంఆర్‌ఐలో మెడ దగ్గర పూసల వెనకున్న లిగమెంటు (పూసలను కలిపి పట్టుకునే పట్టీ) ఎముకలా గట్టిపడి వెన్నుపామును నొక్కుతోంది.

కొడుకు అడిగిన ప్రశ్న న్యాయమైంది. "భగీరథ నీళ్లు, కృష్ణా నీళ్లు వచ్చి ఏండ్లయితంది కద మేడం, ఇప్పుడెందుకు?" చిన్నప్పటినుంచి బోరు నీళ్లలో తాగిన ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి ఉంటుంది. నీళ్లు మారినంత మాత్రాన గట్టిపడిన లిగమెంటు మెత్తబడదు. పైగా ఆయన ఇంట్లో నల్లా నీళ్లు తాగినా, పొలంలో ఉన్నంతసేపూ బోరు నీళ్లే తాగుతున్నాడని అప్పుడే బయటపడింది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని మన దేశ ప్రమాణం, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు. పొలం బోరు నీళ్లను పరీక్షకు పంపమని చెప్పాను, ఫలితం వచ్చేదాకా ఆగకుండా ఇంటినుంచే క్యాను తీసుకెళ్లమన్నాను.

ఆపరేషన్ అనగానే ఇంట్లో అందరికీ టెన్షన్. "ఫ్లోరైడ్‌కు మందు లేదంటరు, మరి కోసి ఏం చేస్తరు?" అని బంధువులు. ఫ్లోరోసిస్ తగ్గదు, నిజమే. కానీ నలుగుతున్న వెన్నుపాముకు జాగా చేయొచ్చు, ఇంకా దిగజారకుండా ఆపొచ్చు. ఈ రెండింటికీ తేడా కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది. పాత కష్టం తీరదు కాబట్టి కొత్త కష్టాన్నీ భరించమనడం ఏం న్యాయం?

నేను రాసిన కాగితం పట్టుకుని హైదరాబాద్‌లో న్యూరోసర్జన్ దగ్గరికి వెళ్లారు. మెడ వంగదు కాబట్టి మత్తు ఇచ్చేటప్పుడు ఊపిరికి గొట్టం వేయడం కష్టమని, ఎముక మరీ గట్టిగా ఉండటంతో డ్రిల్లింగ్‌కు ఎక్కువ సమయం పడుతుందని ముందే చెప్పారట. ఆపరేషన్ బాగానే అయింది.

ఇప్పుడు మళ్లీ నా దగ్గరికే వస్తున్నాడు. మెడకు ఏ తిప్పుడూ లేదు. నిలబడి బ్యాలెన్స్, మెట్లు ఎక్కడం, వేళ్లతో గింజలు ఏరడం, ఇవే మా పని. గుండీలు తనే పెట్టుకుంటున్నాడు, కాస్త టైం పడుతుంది. కాళ్లలో బిగువు పూర్తిగా పోలేదు, పొలం గట్టు మీద కర్ర లేకుండా నడవొద్దని చెప్పాను. ఫొటోలు, రిపోర్టులు ముగ్గురికీ పంపాను. టెక్సాస్ నుంచి వెంటనే ఇంకో ప్రశ్న వచ్చింది: అదే నీళ్లు తాగిన కొడుకును కూడా పరీక్ష చేశావా అని. వచ్చే వారం అతన్ని రమ్మన్నాను.