హారతిని ఆర్పిన జల్లు

అహోబిలం నుంచి వచ్చి నాలుగు రోజులైంది. మోకాలి వాపు ఇంకా దిగలేదు. చీర కుచ్చిళ్లకు అంటిన బురద మరక రెండుసార్లు ఉతికినా వదల్లేదు. మూడోసారి ఉతకబుద్ధి కాలేదు.

ముందు మొక్కు సంగతి చెప్పాలి. పోయినేడు మా ఆయనకు గుండెనొప్పి వచ్చినప్పుడు ఆసుపత్రి వరండాలో రాత్రంతా కూర్చుని, ఏం మొక్కుకోవాలో తోచక, ‘స్వామీ, ఈయన తన కాళ్ల మీద నడిచి బయటికి వస్తే జ్వాలకు నడిపించుకుని తెస్తాను’ అనేశాను. ఇన్ని గుళ్లుండగా అహోబిలం కొండల్లోని జ్వాలా నరసింహుడే ఎందుకు నోట్లోకి వచ్చాడో తెలీదు. మా నాయనమ్మ పొద్దున్నే ‘నరసింహా’ అనకుండా మంచం దిగేది కాదు, అదేనేమో. ఆయన నడిచే బయటికి వచ్చారు. ఇప్పుడు రోజూ పార్కులో నన్ను దాటేసి పోతారు. తీరా మొక్కు తీర్చే వేళకు మోకాళ్లు అరిగిపోయింది నాకు! మొక్కేటప్పుడు ఎవరి కాళ్లతో తీర్చాలో కూడా చూసుకోవాలి కాబోలు.

దీపావళి సెలవులు కలిసొచ్చాయని బయల్దేరాం. స్వాతి నక్షత్రం కూడా కలిసొచ్చిందని అక్కడికి వెళ్లాక తెలిసింది. స్వామి పుట్టిన నక్షత్రమాయె, ఇక చెప్పేదేముంది! దిగువ అహోబిలంలోనే కాలు పెట్టే చోటు లేదు. ఎగువలో గుహలోని స్వామి ముందుకు చేరేసరికి ఎవరి మోచేయి ఎవరిదో తెలియని స్థితి. వెనకాల ఒకాయన నా భుజం మీదుగా ఫోను పట్టుకుని ఇంట్లోవాళ్లకు వీడియో కాల్‌లో లైను ఎంత ఉందో చూపిస్తున్నాడు. దేవతలకు తప్ప అందని చోటు అని పెద్దలన్నది ఈ కొండనే. ఇప్పుడొచ్చి ఒక్క స్వాతినాడు నిలబడి చూస్తే ఏమనేవారో.

ఆ తోపులాటలో స్వామి కంటే పక్కనే ఉన్న చెంచులక్ష్మి అమ్మవారి గుహ దగ్గరే కాస్త ఊపిరాడింది. దండం పెట్టుకుని బయటపడ్డాం.

భవనాశి ఏటి పక్క దారి పట్టాక జనం పలచబడ్డారు. దారిలో వచ్చే క్రోడ నరసింహుడి గుడి దాకా బాగానే నడిచాను. ఆ తర్వాత అంతా రాళ్లే. మధ్యమధ్య మెట్లూ ఇనప వంతెనలూ ఉన్నా, వాటి నడుమ గుండ్రాళ్లు, బండలు, నీటిచెమ్మకు జారే నాచు. ఒకచోట ఏటిని దాటబోయి కాలు జారి మోకాలి మీదే పడ్డాను. లేవలేకపోయాను. డోలీవాళ్లు ఆగి ‘ఎక్కండమ్మా’ అన్నారు. మా ఆయన కూడా ఎక్కమనే అన్నారు. మొక్కు నడిపించి తెస్తానని కదా, ఆయన నడుస్తున్నారు, నేను ఎక్కితే తప్పులేదని లాయరులా వాదించారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

అప్పుడొచ్చింది ఆ అవ్వ. కింద చేతికర్రలు అద్దెకిచ్చే వాళ్లలో ఆమె ఒకతె. నేను వద్దని వచ్చిన కర్రే చేతిలో ఉంది. డెబ్బై ఏళ్లుంటాయి, కాళ్లకు చెప్పుల్లేవు. నా మోకాలు చూసి, తన పాత చీర కొంగు ఇంత చింపి బిగించి కట్టింది.

“యాడికి మా అంత పరుగు? మా అల్లుడు యాడికీ పోడు లే.”

అల్లుడంటే ఎవరో అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. చెంచులు స్వామిని అల్లుడంటారని, కనుమనాడు పారువేట ఉత్సవానికి బయల్దేరి దాదాపు నలభై రోజులు పల్లెపల్లెకూ తిరిగి తన పెళ్లికి తానే పిలుచుకుంటాడని ఎన్నిసార్లు విన్నానో. కానీ ఇంట్లో పిల్లాణ్ణి గురించి అన్నట్టు అంత తేలిగ్గా అనడం వినలేదు. లోకాలు వణికిన కోపం ఈ అడవిలో ఒక చెంచుపిల్లను చూసి మెత్తబడిందనే కథ గుడి మండపంలో వింటే పురాణం. ఆ ఏటి ఒడ్డున, అవ్వ నోట వింటే ఇరుగింటి సంగతిలా ఉంది.

కర్ర అద్దె మాత్రం రూపాయి తగ్గించలేదు. ఆ బండ దాటేదాకా నా ముందు నడిచి, ఏ రాయి కదులుతుందో ఏది కదలదో పాదంతో తట్టి చూపించి, ‘ఇంగ మొగుణ్ణి పట్టుకో’ అని వెనక్కి తిరిగిపోయింది.

పట్టుకున్నాను. ముప్పయ్యొక్క ఏళ్ల కాపురంలో మేం నలుగురిలో చేతులు పట్టుకుని నడిచింది లేదు. పెళ్లిలో కొంగుముడి వేసి నడిపించారు, అంతే. మొదట ఇద్దరికీ సిగ్గేసింది. ఎదురుగా వచ్చే కుర్రాళ్లు చూస్తారేమోనని ఆయన దిక్కులు చూశారు. రెండు మలుపులు తిరిగేసరికి ఆ సంగతి మరిచిపోయాం. అటూ ఇటూ నిలువెత్తు కొండలు, గట్టు మీద పుస్తకాలు పేర్చినట్టు పొరలు పొరలుగా ఎర్రరాయి. గాలి వీస్తే వెదురు కిర్రుమంటోంది. వానలు వెళ్లి ఎన్నాళ్లో కాలేదు గనుక ప్రతి పగులులోంచీ నీళ్లు కారుతున్నాయి. ఎక్కడో పైన ఒక పిట్ట అడిగిందే అడుగుతోంది. “దానికి ఎవరూ జవాబు చెప్పడం లేదు పాపం” అన్నారాయన. ఇలాంటి మాటలు ఆయన పెళ్లైన కొత్తలో అనేవారు. ఆసుపత్రి తర్వాత మా మధ్య మాత్రలు, ఉప్పు, బీపీ తప్ప వేరే మాటే లేకుండా పోయిందని అప్పుడు తట్టింది.

జలపాతం ముందు చప్పుడై వినిపించింది, తర్వాత చలిగాలై తగిలింది, ఆఖర్న కనిపించింది. పైనుంచి దారి మీదికే పడుతుంది. తడవకుండా స్వామిని చేరే ఉపాయం లేదు. నలుగురైదుగురు కుర్రాళ్లు సరిగ్గా దాని కిందే నిలబడి ఫొటోలు దిగుతూ కదలరు. ‘ఒక్క నిమిషం ఆంటీ’ అని పావుగంట. నీళ్ల సీసాలు అక్కడే బండ సందులో కుక్కి వెళ్లారు. నాకు నోరు లేచింది, మా ఆయన చేయి నొక్కారు. ఊరుకున్నాను.

నీళ్లు నెత్తిన పడగానే ఆ కోపం, నొప్పి, ఉప్పు తక్కువ వంటల జాబితా, అన్నీ ఒక్కసారి ఎటో పోయాయి. తెర దాటి లోపలికి వెళితే స్వామి. ఎనిమిది చేతులు, ఒడిలో హిరణ్యకశిపుడు. పూజారి హారతి వెలిగించారు. జలపాతం నుంచి జల్లు కొట్టి ఆరిపోయింది. మళ్లీ వెలిగించారు, మళ్లీ ఆరింది. మూడోసారి ఆయన వీపు అడ్డం పెట్టి, అరచేతులు దొప్పలా చేసి వెలిగిస్తే, ఆ పిసరంత వెలుగులో స్వామి కళ్లు కనిపించాయి. అంతే, ‘నడవండి, నడవండి’ అన్నారు. నాలుగు సెకన్లుంటుందేమో. పేరు జ్వాల, చుట్టూ అంతా నీళ్లు. ఇన్ని యుగాలుగా ఈ నీళ్లు ఆయన్ని చల్లారుస్తూనే ఉన్నాయా అనిపించి ఒళ్లు జలదరించింది. చలికని మా ఆయన అనుకున్నారు, తడి కండువానే తీసి కప్పారు!

వెనక్కి తిరిగితే గుహ లోపలి నుంచి, నీటితెరలోంచి, ఎదుటి కొండ మొత్తం పచ్చగా కరుగుతున్నట్టు ఊగుతోంది. స్వామికి రోజూ కనిపించేది ఇదే కదా అనుకున్నాను. తోసేదాకా చూస్తూ నిలబడ్డాం.

రక్తకుండం అనే నీటిగుంట దగ్గర మా ఆయన దోసిట్లో నీళ్లు తీసి చూపించారు. గుంటలో ఎర్రగా ఉన్నవి దోసిట్లో తేటగా ఉన్నాయి. నా మోకాలి కట్టు మీద పోశారు.

అక్కడి మరో గుడి, మాలోల నరసింహుడి దగ్గరికి మాత్రం వెళ్లలేకపోయాం. ఇంకా పైకెక్కాలి, ఎండ వాలుతోంది, నా కాలు మొండికేసింది. అమ్మవారిని ఒడిలో కూర్చోబెట్టుకుని హాయిగా ఉన్న స్వామిని చూడకుండానే దిగుతున్నామని దారంతా గొణిగాను.

“దానికి మొక్కేం లేదుగా, ఊరికే వద్దాం. స్వాతినాడు మాత్రం వద్దు” అన్నారాయన.

కర్ర తిరిగిద్దామంటే కింద ఆ అవ్వ కనిపించలేదు. ఇప్పుడది మా వీధి తలుపు వెనక ఉంది.