రింగులు ముందు కొన్నాను, బోరు తర్వాత కొలిచాను

మా కారు ఆయిల్ తాగడం మొదలుపెట్టి ఏడాది దాటింది. మొదట్లో వెయ్యి కిలోమీటర్లకు పావు లీటరు. సరేలే అని డిక్కీలో ఒక డబ్బా పెట్టుకుని తిరిగాను. అది లీటరుకు చేరి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా అద్దంలో నీలం పొగ కనబడటం మొదలయ్యాక ఇక ఇంజన్ విప్పక తప్పలేదు.

పొగ రాగానే రింగులే, అంటే పిస్టన్ చుట్టూ ఉండి సిలిండర్ గోడకు ఒత్తుకునే లోహపు వలయాలే, పోయాయనుకోవడానికి లేదు. వాల్వ్ సీళ్లు పోయినా వస్తుంది. కాకపోతే అది ఎక్కువగా పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఒకసారి గుప్పుమని ఆగిపోతుంది. అందుకే ముందు కంప్రెషన్, అంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి, గేజ్ పెట్టి చూశాను. మూడో సిలిండర్‌లో 95 పీఎస్ఐ, మిగతా అన్నిట్లో 150కి అటూ ఇటూ. ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ తిప్పితే 95 కాస్తా 140 అయింది. ఆయిల్ రింగుల చుట్టూ సందును కాసేపు మూసిందన్నమాట. తప్పు వాల్వులదైతే ముల్లు పెద్దగా కదిలేది కాదు.

ఆ రాత్రే రింగుల సెట్ ఆర్డర్ పెట్టేశాను. 75 మిల్లీమీటర్ల బోరు (పిస్టన్ తిరిగే సిలిండర్ రంధ్రం), స్టాండర్డ్ సైజు, పై రింగుకు క్రోమ్ పూత. గట్టిది కదా, ఎక్కువ కాలం వస్తుందని. ఇంకా సిలిండర్ల మీది మూత, అంటే హెడ్ కూడా దించలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

హెడ్ దించి, మూడో సిలిండర్ గోడ మీద గోరు పెట్టి పైకి లాగితే అంచు దగ్గర మెట్టులా తగిలింది. రింగులు తిరిగే మేర గోడ అరిగి, అవి చేరని చోట అరగకుండా మిగిలిన అంచు అది. కొత్త పై రింగు ఒకటి తీసి బోరులో పెట్టి, పిస్టన్‌ని తలకిందులుగా పట్టుకుని దాంతో కిందికి తోశాను. వేలితో తోస్తే రింగు ఓ పక్కకి వాలి కొలత తప్పు వస్తుంది. బోరు అడుగున, పెద్దగా అరగని చోట, రింగు చివర్ల మధ్య 0.30 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ ఆకు (సందులు కొలిచే సన్నటి ఉక్కు రేకు) బిగువుగా దూరింది. అదే రింగును పైకి తెచ్చి మెట్టుకు కాస్త కింద పెట్టి చూస్తే 0.65 ఆకు దూరిపోయింది.

బోరు వ్యాసం ఎంత పెరిగితే రింగు చివర్ల మధ్య సందు, అంటే గ్యాప్, దానికి 3.14 రెట్లు పెరుగుతుంది. అంటే పైకీ కిందికీ బోరులో తేడా 0.11 మిల్లీమీటర్లు. వెంట్రుక మందం కంటే కొంచెం ఎక్కువ, అంతే.

"ఇంతమాత్రానికి బోరింగ్ ఎందుకురా, పాతిక ఓవర్‌సైజు రింగులు తెచ్చి చివర్లు ఆకురాయితో రాసెయ్" అన్నాడు మా ఫ్రెండ్. బోరింగ్ అంటే రంధ్రాన్ని మెషీన్ మీద కోసి పెద్దది చేయడం, పాతిక అంటే 0.25 మిల్లీమీటర్లు పెద్ద సైజు. వాడికి ఇంజన్లు బాగానే తెలుసు, అందుకే కాస్త ఊగాను. కాగితం మీద లెక్క వేశాక తేలింది. పైన గ్యాప్ 0.30 వచ్చేలా రాస్తే, రింగు కిందికి దిగేసరికి చుట్టుకొలత 0.35 తగ్గుతుంది. చివర్లు ఒకదానికొకటి గుద్దుకుంటాయి, గోడ గీరుకుపోతుంది లేదా రింగు విరుగుతుంది. పోనీ కింద సరిపోయేలా రాస్తే పైన మళ్ళీ 0.65. స్టాండర్డ్ రింగు వేసినా అంతే కదా! పైన అరిగి వెడల్పై, కింద ఇరుగ్గా మిగిలిన బోరును ఏ రింగూ బాగుచేయదు.

బోరింగ్ షాపుకు బ్లాక్ (సిలిండర్లుండే ఇంజన్ దిమ్మ) తీసుకెళ్తే అక్కడి మెకానిక్ గేజ్ పెట్టి చూశాడు. పైన 75.13 ఉంది, అదీ చుట్టూ సమానంగా కాదు, పిస్టన్ పక్కకు ఒత్తే వైపే ఎక్కువ. పాతిక వేస్తే ఆ వైపు పూర్తిగా తేరుకోదు, నాలుగు సిలిండర్లూ 0.50 పెద్దవి చేద్దామన్నాడు. "ముందు పిస్టన్లు తెచ్చివ్వండి సార్, అవి కొలిచాకే బోరు వేస్తా. రింగులు క్రోమా, మోలీనా?"

రింగు ఏదైతే మీకేంటి అన్నాను. "హోనింగ్‌కి ఏ రాయి వాడాలో తెలియాలి కదా" అన్నాడు. బోరు వేశాక గోడను సన్నటి రాళ్లతో రుద్దడమే హోనింగ్.

అప్పటిదాకా రింగు మెటీరియల్ అంటే ఏది ఎక్కువ కాలం మన్నితే అది అనుకునేవాడిని. నిజానికి రింగునీ గోడనీ జంటగా ఎంచుకోవాలి. క్రోమ్ చాలా గట్టిది, దుమ్ముకు బాగా తట్టుకుంటుంది, కానీ గోడకు కుదురుకోవడానికి చాలా టైమ్ తీసుకుంటుంది. మోలీ, అంటే మాలిబ్డినం పూతలో సన్నటి రంధ్రాలుంటాయి, వాటిలో ఆయిల్ నిలుస్తుంది. మాలిబ్డినం 2,600 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ కరగదు కాబట్టి వేడికి గోడను అంత తేలిగ్గా అంటుకోదు. తొందరగానే కుదురుకుంటుంది, అయితే బోరు గుండ్రంగా, నునుపుగా ఉండాలి. పూత లేని మామూలు పోత ఇనుము రింగు తొందరగా అరుగుతుంది గానీ, పెద్దగా అరగని బోరును చేత్తో హోనింగ్ చేసి వదిలేసేవాళ్లకు నా ఓటు దానికే. నాది కొత్త బోరు, కారు తిరిగేది తారు రోడ్ల మీదే. మోలీ తీసుకున్నాను.

సైజు ఒక్కటే చూస్తే చాలదు, మందం కూడా చూడాలి. ఒకే బోరుకు పై రింగు 1.2 మిల్లీమీటర్లదీ దొరుకుతుంది, 1.5దీ దొరుకుతుంది. పిస్టన్ గాడిలో రింగు అంచును పెట్టి చుట్టూ దొర్లించి చూశాను. గాడికీ రింగుకీ మధ్య సందు 0.04 వచ్చింది.

కొత్త బోరులో పై రింగుల గ్యాప్ మూడింటికి 0.30, 0.35 మధ్య వచ్చింది. ఒకదానికి 0.20. వీధి కారుకు బోరులో వెయ్యికి నాలుగు వంతులు అని ఒక మోటు లెక్క ఉంది, ఆ ప్రకారం నాకు 0.30 కావాలి. ఆకురాయిని బయటి ముఖం నుంచి లోపలికే నడిపించాను, రెండో దిశలో లాగితే మోలీ పూత పెచ్చు లేస్తుంది. నాలుగు రాతలకోసారి బోరులో పెట్టి చూడటం, మళ్ళీ తీయడం. ఒక్క రింగుకే గంట పట్టింది.

రెండో రింగు ముఖం కొంచెం వాలుగా ఉంటుంది, కిందికి దిగేటప్పుడు ఆయిల్ గీకడానికి. తిరగేసి వేస్తే అదే ఆయిల్‌ను పైకి తోస్తుంది. చుక్క ఉన్న వైపు పైకి రావాలి. ఆ చుక్క వెతుకుతూ, చేత్తో మెలితిప్పి ఎక్కించబోయి ఒకటి టప్పుమని విరగ్గొట్టాను. విడిగా ఒక్క రింగు దొరకలేదు. ఇంకో సెట్టూ, దాంతోపాటు రింగును విరగకుండా తెరిచే ఎక్స్‌పాండరూ కొన్నాను.

బిగించాక ఐడిల్‌లో ఉంచకుండా వెంటనే రోడ్డెక్కించాను. రింగును గోడకు గట్టిగా అదిమేది దాని వెనక్కి చేరే గ్యాస్ ఒత్తిడే కాబట్టి ఇంజన్ మీద కాస్త లోడ్ పడాలి. 500 కిలోమీటర్లకు ఆయిల్ మార్చాను. ఆ తర్వాత మూడు వేలు తిరిగాను, డిప్‌స్టిక్ మీద గీత ఇంకా పై మార్కు దగ్గరే ఉంది. డిక్కీలో ఆయిల్ డబ్బా మాత్రం అలవాటు కొద్దీ తీయలేదు.

క్రోమ్ సెట్ సీలు విప్పినందుకు వెనక్కి తీసుకోలేదు. బీరువాలో ఉంది, 75 స్టాండర్డ్.