కొలతల పుస్తకంలో మా చిన్నోడి పేజీ

2025 సంక్రాంతికి మా చిన్నోడికి జ్వరమొస్తే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చూపించాం. ఫీజు, రక్తపరీక్షలు, మందులు అన్నీ కలిపి 3,200 అయ్యింది. మా ఆయన తిరుపతిలో అలిపిరికి, రైల్వే స్టేషన్‌కి మధ్య ఆటో తోలతాడు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. ఆ అప్పు తీరేసరికి ఉగాది దాటిపోయింది. అందుకే పెరటాసి నెలలో (సెప్టెంబరు-అక్టోబరు) వాడికి బేదులు మొదలైనప్పుడు నాకు రెండు భయాలు పట్టుకున్నాయి. వాడికేమవుతుందోనని ఒకటి, డబ్బెక్కడ తేవాలని ఇంకొకటి. ఈ రెండో భయాన్ని తల్లులు బయటికి చెప్పుకోరు. కానీ మా జీవకోన పేటలో చాలా ఇళ్లలో ఉండేది అదే.

అప్పటికి వాడికి రెండున్నరేళ్లు. బ్రహ్మోత్సవాల రద్దీ కదా, మా ఆయన ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి అవుతోంది. పొద్దున్నుంచి మధ్యాహ్నంలోపు ఐదు సార్లు నీళ్లలా పోయింది, ఒళ్లు కూడా వెచ్చబడింది. మందుల షాపుకి పరిగెత్తాను. ఓఆర్ఎస్ (బేదులప్పుడు నీళ్లలో కలిపి తాగించే ఉప్పు, గ్లూకోజు పొడి) అడిగితే అదే పేరున్న ఆరెంజ్ రసం డబ్బా చేతిలో పెట్టారు. బేదులు కట్టేసే మాత్ర కూడా ఇస్తామన్నారు, ఎందుకో మనసొప్పక అది తీసుకోలేదు. రసం తియ్యగా ఉందని చిన్నోడు గటగటా తాగేశాడు. సాయంత్రానికి ఇంకా ఎక్కువైంది.

మా వీధి ఆశా కార్యకర్త అక్కకి ఫోన్ చేస్తే పది నిమిషాల్లో వచ్చింది. డబ్బా చూసి పక్కన పెట్టేసింది. "ఇందులో చక్కెర ఎక్కువ. బేదులప్పుడు చక్కెర ఎక్కువైతే అదే పేగుల్లోకి నీళ్లు లాగుతుంది. ఆ కట్టేసే మాత్రలు కూడా పసిపిల్లలకి వేయకూడదు" అంది. సంచిలోంచి ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జింకు మాత్రలు తీసిచ్చింది. డబ్బులేమీ తీసుకోలేదు. అసలు ఓఆర్ఎస్ ఫార్ములా లేని పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరే ఉండకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశాలిచ్చింది ఆ తర్వాత నెలలోనే. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దాని కోసం ఏళ్ల తరబడి పోరాడారు. ఆమెకి నా దండం.

ప్యాకెట్ కలపడం కూడా నాకు తెలియదని అప్పుడే అర్థమైంది. ఇంతకుముందు గ్లాసు నీళ్లలో చిటికెడు వేసి ఇచ్చేదాన్ని. పెద్ద ప్యాకెట్టయితే మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. చిన్న ప్యాకెట్లూ ఉంటాయి, అవి 200 మిల్లీలీటర్లకి. ఎంత నీళ్లో ప్యాకెట్ మీదే రాసుంటుంది. చిక్కగా కలిపితే ఉప్పు ఎక్కువై హాని చేస్తుంది, పలచగా కలిపితే పనిచేయదు. 24 గంటలు దాటితే పారబోయాలి. జ్వరం సిరప్ దగ్గర ఇంకో పొరపాటు తప్పింది. ఇంట్లో పాత సీసా 5 మిల్లీలీటర్లకి 125 మిల్లీగ్రాములది, కొత్తది 250ది. ఒకే మూత కొలత పోస్తే రెట్టింపు మందు పడేది. పారాసిటమాల్ బరువును బట్టి ఇవ్వాలట, ఒక్కసారికి కిలోకి 15 మిల్లీగ్రాములు. మావాడు 11 కిలోలు. కొత్త సీసాలోంచి 3 మిల్లీలీటర్లు చాలని, ఆరు గంటల ఎడం ఉండాలని అక్క చెప్పింది.

మా అత్త మంచం మీద నుంచే "లంఖణం పరమౌషధం అన్నారు కదమ్మా, కడుపు మాడిస్తే అదే కట్టుకుంటుంది" అంది. "అది పెద్దోళ్లకి పెద్దమ్మా. బిడ్డ ఒంట్లో నీళ్లు పోతావుంటే తిండి కూడా ఆపేస్తే దేంతో కోలుకుంటాడు?" అని అక్క నెమ్మదిగా చెప్పింది. అత్త ఇంకేమీ అనలేదు. లేచి అన్నం మెత్తగా ఉడకబెట్టి పెరుగు కలిపింది.

అక్క పోతూపోతూ "ఎన్నిసార్లు పోయాడో, ఒంటికి ఎప్పుడు పోసుకున్నాడో రాసిపెట్టు. ఆస్పత్రిలో మొదట అడిగేది అదే" అంది. చేతికి అందింది నా కొలతల పుస్తకం. చెస్టు, షోల్డరు, చేతి పొడవు రాసుకునే పేజీలోనే గడులు గీసి టైము, దొడ్డికి, ఒంటికి, తాగింది అని రాయడం మొదలుపెట్టాను.

తాగించడమే కష్టమైపోయింది. గ్లాసు చూస్తే మూతి తిప్పేసేవాడు. ఒక్కసారి బలవంతంగా పోస్తే మొత్తం కక్కేశాడు. పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలని అక్క చెప్పింది. అప్పుడు అత్త అటక మీద నుంచి వాడి ఉగ్గుగిన్నె దించింది. దాని కొమ్ము పెదవికి ఆనిస్తే, పాత అలవాటో ఏమో, వాడు నాలుక చాపి చప్పరించాడు. ఒక్కో చుక్క, ఒక్కో గుటక. బేది అయిన ప్రతిసారీ అరగ్లాసు లోపలికి పోవాలని మా లెక్క. అరగంట పట్టేది. రాత్రి ఒంటిగంట దాకా నేను, తెల్లారిందాకా అత్త. ఊరికే ఇచ్చిన పొడి పనిచేస్తుందా అని మా ఆయనకి అనుమానం. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చి సెలైన్ చాలనప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు ఇలాంటి ఉప్పు, గ్లూకోజు నీళ్లు తాగించే ఎంతోమందిని కాపాడారని తర్వాత చదివి ఆయనకి చూపించాను.

రెండో రోజు రాత్రి నన్ను లేపింది ఆ పుస్తకమే. సాయంత్రం నాలుగు తర్వాత "ఒంటికి" గడి ఖాళీ. టైము పన్నెండు. కళ్లు లోపలికి పోయాయి, ఏడుస్తున్నాడు కానీ కన్నీళ్లు రావడం లేదు. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే కాసేపు నిలబడింది. ఉగ్గుగిన్నె పెట్టినా చప్పరించలేదు. ఇక ఇంట్లో ఉంచే సమయం కాదని తెలిసిపోయింది. మా ఆయన ఆటోలోనే రుయా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాం.

పిల్లల వార్డులో కుర్ర డాక్టరు అడుగుతుంటే మా ఆయనకి నోట మాట రాలేదు. నేను పుస్తకం తెరిచి ఇచ్చాను. ఆ అమ్మాయి వేలుతో వరసగా చూసుకుంటూ వచ్చి, "రక్తం ఏమైనా పడిందా?" అని ఒక్కటే అడిగింది. లేదన్నాను. వెంటనే సెలైన్ పెట్టారు. తెల్లవారుజామున నాలుగున్నరకి పక్క గుడ్డ తడిసింది. ఆ తడి చూసి అత్త ఏడ్చేసింది. నేను టైము రాశాను. మరుసటి సాయంత్రం ఇంటికి పంపించారు, బిల్లు లేదు.

ఇంటి దగ్గర చూసుకున్నందుకు నేను బాధపడటం లేదు. బాధల్లా ఆ మొదటి పూట రసం డబ్బాతో పోయిన టైము గురించే. ఇప్పుడు బట్టలు కుట్టించుకోవడానికి వచ్చే తల్లులందరికీ ఈ గుర్తులు చెబుతున్నాను. ఆరేడు గంటలు ఒంటికి పోకపోయినా, తాగిందంతా కక్కేస్తున్నా, దొడ్డిలో రక్తం పడినా, బిడ్డ మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా డబ్బు గురించి ఆలోచిస్తూ కూర్చోకండి. అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేయండి.

బేదులు ఆగిపోయినా జింకు మాత్ర మానలేదు. రోజుకొకటి, స్పూను నీళ్లలో కరిగించి, 14 రోజులు. మూడు వారాల తర్వాత అంగన్‌వాడీలో తూకం వేస్తే 11 కిలోల 200 గ్రాములు ఉన్నాడు. అది కూడా ఆ పేజీలోనే, కింద మిగిలిన జాగాలో రాసుకున్నాను.